21 కిలోల 400 గ్రాములు

కాటా కిరాణా కొట్టు నుంచి తెచ్చారు. బియ్యం మూటలు, ఉల్లిపాయల బస్తాలు తూచే కాటా. దాని మీద గంజాయి ఉన్న రెండు గోనెసంచులు పెట్టి తూస్తే 21 కిలోల 400 గ్రాములు వచ్చిందని పోలీసులు సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల నివేదికలో రాశారు. చట్టంలో గీత 20 కిలోల దగ్గర ఉంది. ఆ పైనున్న 1,400 గ్రాములు ఒక 22 ఏళ్ల కుర్రాడిని ఎక్కడిదాకా తీసుకెళ్లాయో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో పద్నాలుగేళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. ఇప్పుడు నా బల్ల మీదున్న ఫైళ్లలో సగానికి పైగా గంజాయివే. గంజాయిని చట్టబద్ధం చేయాలా, జనం దాన్ని మామూలు విషయంగా తీసుకోవాలా అని పెళ్లిళ్లలో కూడా నన్ను అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. క్లయింటు ఎవరో తెలియకుండా ఉండటానికి కొన్ని గుర్తులు మార్చాను. పేరు చెప్పను, కాగితాల్లో ఉన్నట్టే ఏ-3, అంటే మూడో నిందితుడు, అంటాను.

పట్టుబడిన రోజు

2022 జనవరి చివరి వారం. మన్యంలో పోలీసుల ‘ఆపరేషన్ పరివర్తన’ జోరుగా నడుస్తున్న రోజులు. వేల ఎకరాల్లో గంజాయి మొక్కలు నరికేశారు. ఆ తర్వాత రెండు వారాలకే, ఫిబ్రవరి 12న, అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. పేపర్లలో ఆ ఫొటోలు వచ్చిన రోజున ఏ-3 రిమాండ్‌లో ఉన్నాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకి, ఘాట్ రోడ్డు దిగాక ఒక చోట కారు ఆపారు. డ్రైవర్ ఏ-2. వెనక సీట్లో మా వాడు. డిక్కీలో రెండు గోనెసంచులు, వాటిలో బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు పదకొండు. సరుకు కొన్నది ఏ-1, వేరే రాష్ట్రం మనిషి. కారుకి అర కిలోమీటరు ముందు బైక్ మీద పైలట్‌గా వెళ్తూ, పోలీసుల టార్చిలైటు చూసి పక్క దారిలో తప్పుకున్నాడు.

ఏ-3 పని ఏమిటంటే, ఊరి పైనున్న కొండ మీంచి ఆ రెండు సంచులు రోడ్డు దాకా మోసుకురావడం, కారుతో పాటు మైదానం దాకా వచ్చి దారి చూపించడం. దానికి మాట్లాడుకున్న కూలి 3,000 రూపాయలు. బైక్ ఫైనాన్సు రెండు కిస్తీలు బాకీ ఉన్నాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఆగిపోయాడు, కాఫీ పళ్లు కోయడానికి వెళ్లేవాడు, తండ్రి లేడు. గంజాయి ఎప్పుడూ తాగలేదు. ఇది నేను నమ్మి రాస్తున్న మాట. జైల్లో మొదటి ములాఖత్‌లో అడిగితే, “దాని వాసనకే తల తిరుగుతాది మేడమ్” అన్నాడు.

చట్టం ఏమంటుంది

1985లో వచ్చిన ఎన్డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, గంజాయి కేసుల్ని బరువును బట్టి మూడు అంతస్తులుగా పెడుతుంది. కిలో లోపు అయితే చిన్న మొత్తం, ఏడాది వరకు శిక్ష. కిలో నుంచి 20 కిలోల దాకా మధ్య రకం, పదేళ్ల వరకు. ‘వరకు’ అన్న మాటలో జడ్జి గారికి చోటు ఉంటుంది. మనిషిని చూసి, వయసు చూసి, పాత కేసులు చూసి రెండేళ్లో మూడేళ్లో వేయొచ్చు. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. అక్కడ కనీస శిక్షే పదేళ్లు, గరిష్ఠం ఇరవై, జరిమానా కనీసం లక్ష. జడ్జి ఎంత దయగల మనిషైనా పదేళ్లకి ఒక్క రోజు కూడా తగ్గించలేరు.

బెయిల్‌ది ఇంకో కథ. వాణిజ్య పరిమాణం అయితే 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి సరైన కారణాలు ఉన్నాయని, బయటికి వస్తే మళ్లీ నేరం చేయడని కోర్టుకి నమ్మకం కలగాలి. విచారణ మొదలవకముందే నిర్దోషి అనిపించుకోవాలన్నమాట. పైగా 35, 54 సెక్షన్ల కింద, సరుకు నీ దగ్గర దొరికితే అది ఏమిటో నీకు తెలుసనే కోర్టు మొదట అనుకుంటుంది. తెలియదని నిరూపించుకునే భారం నిందితుడిది. హత్య కేసులో కూడా ఇంత బరువు నిందితుడి మీద ఉండదు.

ఈ చట్టంలో సరుకు కొన్నవాడికి, కూలికి మోసినవాడికి వేరువేరు తూకాలు లేవు. సంచి ఎవరి దగ్గర దొరికితే బరువు అతనిదే. ఈ రంగంలో పనిచేసే లాయర్లు, చివరికి కొందరు పోలీసు అధికారులు కూడా మాటల్లో ఒప్పుకునే విషయం ఇది.

బెయిల్ కోసం పదిహేను నెలలు

మొదటి బెయిల్ పిటిషన్ సెషన్స్ కోర్టులో వారం తిరక్కుండానే కొట్టేశారు. రెండోది ఛార్జిషీట్ పడ్డాక వేశాను, అదీ పోయింది. మామూలు కేసుల్లో ఛార్జిషీట్‌కి 60 లేదా 90 రోజులు గడువైతే వీటిలో 180 రోజులు. ఆ ఛార్జిషీట్‌లో ఏ-1 ‘పరారీ’. అతని మీద కేసు విడగొట్టి పక్కన పెట్టారు.

ఏ-3 తల్లి మొదటిసారి నా ఆఫీసుకి వచ్చినప్పుడు అడ్డాకుల్లో చుట్టి పసుపు కొమ్ములు తెచ్చింది. ఆమెకి ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, సంతలో పనికొచ్చేంత తెలుగు వచ్చు. “మా వోడు ఎవుర్నీ కొట్టనేదమ్మా, దొంగతనం సేయనేదు, మూట మోసినాడు అంతే. ఎన్నాళ్లుంచుతారు?” అని అడిగింది. వారాల్లో చెబుతానని అనుకుందో ఏమో, నేను ఏళ్ల లెక్క మొదలుపెట్టేసరికి చెప్పడం ఆపమన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత ప్రతి వాయిదాకీ వచ్చింది. మొదటి బస్సు అందుకోవడానికి అర్ధరాత్రి దాటాక ఇంట్లోంచి బయల్దేరేది. నా కేసుల్లో ఇంత క్రమం తప్పకుండా వచ్చినవాళ్లు తక్కువ.

కేసులో వెలుతురు మొదట కనిపించింది 2022 జూన్‌లో. చట్టంలో 52ఏ అని ఒక సెక్షన్ ఉంది. పట్టుకున్న సరుకుని మేజిస్ట్రేట్ ఎదుట లెక్కపెట్టి, ఆయన సమక్షంలోనే శాంపిళ్లు తీయాలి. రోడ్డు మీద తీసిన శాంపిల్ చాలదని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా కేసులో రోడ్డు మీద రెండు శాంపిళ్లు తీశారు, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లింది ఐదు నెలల తర్వాత. ఆ రోజు సంచులు విప్పి, టేపు ఊడదీసి తూస్తే బరువు 18 కిలోల 650 గ్రాములు.

తేడా 2 కిలోల 750 గ్రాములు. ఎవరో దొంగిలించారని నేను అనలేదు, అనుకోవడం కూడా లేదు. పచ్చి మీద కట్టిన గంజాయి ఐదు నెలల్లో ఎండుతుంది. గోనెసంచి బరువు, టేపు బరువు మొదటి లెక్కలో కలిసిపోయాయి. అంటే జనవరి తెల్లవారుజామున ఆ కాటా తూచినదాంట్లో మంచు, గోనె, ప్లాస్టిక్ కూడా ఉన్నాయి. వాటికీ కలిపి పదేళ్లు.

ఈ పాయింటు పట్టుకుని హైకోర్టుకి వెళ్లాను. 2023 మార్చిలో మొహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విచారణ ఏళ్ల తరబడి సాగుతుంటే 37వ సెక్షన్ ఒక్కటే చూపించి మనిషిని లోపల ఉంచడం కుదరదని దాని సారాంశం. మే మొదటి వారంలో బెయిల్ వచ్చింది.

వచ్చినా పంతొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు. ఇద్దరు జామీనుదార్లు, ఒక్కొక్కరు 50,000 రూపాయలకి కావాలి. కొండ మీద అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లు ఉన్నారు కానీ ఆ భూమి అమ్మడానికి లేదు కాబట్టి జామీనుకి పనికిరాదన్నారు. చివరికి దూరపు చుట్టం ఒక టీచరు, ఆయన స్నేహితుడు ఇంకొకాయన జీతం సర్టిఫికెట్లతో వచ్చి నిలబడ్డారు. మొత్తం దాదాపు 16 నెలల జైలు. అప్పటికి బైక్‌ని ఫైనాన్సు వాళ్లు తీసుకుపోయారు.

కొట్టు యజమాని సాక్ష్యం

విచారణలో నాకు బాగా గుర్తున్నది కిరాణా కొట్టు ఆయన క్రాస్ ఎగ్జామినేషన్. పెద్దాయన, తెల్ల పంచె, చేతిలో కళ్లజోడు డబ్బా. పోలీసులు రాయించింది రాయించినట్టు చెప్పి దిగిపోదామనుకున్నారు.

“మీ కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఎప్పుడు వేయించారండీ?” అని అడిగాను.

“ముద్రంటే... పాత కాటా అమ్మా అది. సరిగ్గానే తూగుతాది.”

“100 గ్రాములు తేడా ఉంటే చూపిస్తుందా?”

ఆయన నవ్వేశారు. “బస్తాలు తూసేదానికి గ్రాములెందుకమ్మా? అరకిలో అటూ ఇటూ ఎవురూ అడగరు.”

“ఆ రోజు సంచులు విప్పి తూచారా, సంచుల్తో తూచారా?”

“సంచుల్తోనే. చలేస్తంది, తొందరగా కానిమ్మన్నారు.”

మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో కూడా అదే చెప్పారు. లోపల ఆకు ఎంత, కాడ ఎంత, పూత ఎంత అని ఎవరూ వేరు చేయలేదు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలిసి లేని ఆకులూ గింజలూ గంజాయి లెక్కలోకి రావు. కలిసి ఉంటే మొత్తం తూచాల్సిందే అని పీపీ (ప్రభుత్వ లాయరు) గారి వాదన, దానికి ఆయన 2020 నాటి హీరా సింగ్ తీర్పు చదివారు. మత్తుమందులో కలిపిన పొడులకి చెప్పిన సూత్రం మొక్క కాడకి పట్టదని నా వాదన. దీని మీద కోర్టులు రెండు రకాలుగానూ చెప్పాయి, ఇంకా తేలలేదు.

ఇంకో తండ్రి

ఇక్కడ ఆపేస్తే గంజాయి వల్ల నష్టమే లేదు, చట్టంతోనే ఇబ్బంది అని చెప్పినట్టు అవుతుంది. అది నిజం కాదు. అదే ఏడాది నా దగ్గరికి ఒక తండ్రి వచ్చారు. కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ గదిలో 45 గ్రాములు దొరికింది. చట్టం దృష్టిలో అది చిన్న కేసు, నేను భయపడొద్దని చెప్పాను. ఆయన నా మాట మధ్యలో ఆపి, “కేసు సంగతి తర్వాత చూద్దాం అమ్మా, వాడు మూడు వారాలుగా నిద్రపోవడం లేదు. పక్క గదివాళ్లు వాడి గురించి గోడలోంచి మాట్లాడుకుంటున్నారంటాడు. అన్నంలో ఏదో కలిపారని వాళ్లమ్మ చేతి అన్నం కూడా తినడం లేదు” అన్నారు.

ఆ అబ్బాయి పదిహేడో ఏట నుంచి రోజూ తాగుతున్నాడు. మత్తునిచ్చే పదార్థం ఎక్కువున్న గంజాయి, చిన్న వయసులో, రోజూ వాడితే కొందరికి మానసిక జబ్బు ముప్పు పెరుగుతుందన్నది డాక్టర్లలో పెద్దగా వాదం లేని విషయం. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉన్న చరిత్ర ఉంటే ఇంకా ఎక్కువ. ఈ కుటుంబంలో మేనత్తకి ఉంది. అంతకుముందు ఎవరూ ఆ రెండూ కలిపి చూడలేదు.

ఆ కేసులో 64ఏ సెక్షన్ వాడాను. చిన్న మొత్తంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. 1985 చట్టంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చే సెక్షన్ ఇదొక్కటే. కానీ దీని గురించి తెలిసినవాళ్లు ఎంతమంది? పట్టుకున్న రోజున పిల్లవాడికి గానీ తండ్రికి గానీ ఈ దారి ఉందని ఎవరూ చెప్పలేదు. భయం వల్ల ఆ అబ్బాయి ఏడాది పాటు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదని తర్వాత తెలిసింది. చెబితే కేసవుతుందని, చదువు పోతుందని అనుకున్నాడు. ఆ ఏడాదే అతనికి చాలా చేటు చేసింది.

అందుకే, తాగినందుకు, జేబులో కొంచెం దొరికినందుకు జైలు, క్రిమినల్ రికార్డు ఉండకూడదని నేను గట్టిగా అంటాను. మంచిదని కాదు. దాచుకునేకొద్దీ జబ్బు ముదురుతుందని. డాక్టరు, అమ్మానాన్న, హాస్టల్ వార్డెన్ ముందు నోరు విప్పి చెప్పుకోగలిగినంత వరకు సమాజం ఒప్పుకోవాలి. కాలేజీ ఫెస్ట్‌లో గొప్పగా చెప్పుకునేంత ఒప్పుదల మాత్రం నాకు వద్దు.

అమ్మకం సంగతి

షాపులు పెట్టమంటావా అని అడుగుతారు. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి పెద్దవాళ్లు కొనుక్కోవచ్చు. జర్మనీ 2024 ఏప్రిల్‌లో ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోనిచ్చింది కానీ దుకాణాలు తెరవలేదు. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, 2025లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అని వెనక్కి తగ్గింది. ఒకరి దారి ఒకరికి సరిపోలేదు. మన దగ్గర మద్యం ఎలా అమ్ముతున్నామో చూశాక గంజాయి కూడా ఆ కౌంటర్‌లో పెట్టమని నేను అనలేను. ఎయిమ్స్ 2019లో ఇచ్చిన సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు, చరస్‌లలో ఏదో ఒకటి వాడేవాళ్లు 2.8 శాతం. చట్టబద్ధమైన మత్తు ఎంత దూరం పాకుతుందో ఆ రెండు అంకెల్లో కొంత కనిపిస్తుంది.

కానీ పండించడం విషయంలో నా మనసు వేరే చోట ఉంది. ఇదే దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు తీసుకుని నల్లమందు గసాలు పండిస్తారు. నార్కోటిక్స్ బ్యూరో వాళ్లు పొలం కొలుస్తారు, పంట తూస్తారు, నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఉన్నాయి. నల్లమందు గంజాయి కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. అక్కడ రైతుకి లైసెన్సు ఉంది, మన్యంలో రైతుకి కేసు ఉంది. మందుల కోసం, నార కోసం గంజాయి మొక్క సాగుని అనుమతించే అధికారం ఎన్డీపీఎస్ చట్టంలోనే ప్రభుత్వాలకి ఉంది. ఉత్తరాఖండ్ మత్తు లేని రకానికి ఆ దారి తెరిచింది. ఇక్కడి కొండల్లో పండే ‘శీలావతి’ మత్తు కోసమే పెంచే రకం, కాబట్టి అది నేరుగా ఆ లెక్కలోకి రాదు. అయినా ఆలోచించడానికి కూడా ఇక్కడ ఎవరూ సిద్ధంగా లేరు.

1893లో గంజాయి వాడకం మీద బ్రిటిష్ వాళ్లు వేసిన కమిషన్ 1,193 మంది సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్ద చేటు లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం వద్దు, లైసెన్సు, పన్నుతో అదుపులో పెట్టండని చెప్పింది. ఆ రోజుల్లో గంజాయి ఇప్పటంత ఘాటు కాదు కాబట్టి మొదటి ముక్కని నేను ఇవాళ అలాగే ఒప్పుకోను. కానీ అంతమందిని కూర్చోబెట్టి అడిగారు. 1985లో మన చట్టం వచ్చినప్పుడు కొండ మీద మనుషుల్ని అలా ఎవరూ అడగలేదు.

వెంటనే చేయగలిగింది ఒకటుంది, దానికి గంజాయిని చట్టబద్ధం చేయక్కర్లేదు. వాణిజ్య పరిమాణంలో దొరికినా, ఇతను కూలికి మోసినవాడేనని, సరుకులో వాటా లేదని తేలితే కనీస శిక్ష తగ్గించే అధికారం జడ్జికి ఇవ్వాలి. సెక్షన్‌కి ఒక్క ప్రొవిజో, అంటే మినహాయింపు వాక్యం, చాలు. దానితో పాటు ముద్ర ఉన్న కాటా, పూత వేరు, కాడ వేరు చేసి తూచే పద్ధతి. పదేళ్లు వేసే చోట గ్రాముల కాటా అడగడం ఎక్కువ అడగడం కాదు.

తీర్పు, ఆ తర్వాత

2024 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. 20 కిలోలు దాటినట్టు అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదని, అయితే సరుకు ఉందని తెలిసే కారులో కూర్చున్నారన్నది రుజువైందని జడ్జి గారు చెప్పారు. మధ్య పరిమాణం కింద ఏ-2కి, ఏ-3కి చెరో మూడేళ్లు, 20,000 రూపాయల జరిమానా. జైల్లో గడిపిన 16 నెలలు అందులో పోతాయి. అతను మూట మోశాడు, అది గంజాయి అని తెలుసు, కాబట్టి తీర్పు తప్పని నేను అనను. శిక్ష మీద మాత్రం అప్పీలు చేశాను. ఆ రోజే శిక్షని తాత్కాలికంగా ఆపి గడువు ఇచ్చారు, తర్వాత హైకోర్టు దాన్ని పొడిగించింది.

ఏ-3 ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. పట్టుబడక ముందు వానాకాలంలో తల్లీ కొడుకూ కలిసి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు నాటారట. కాఫీ కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పోయిన సీజన్‌లో మొదటి పళ్లు కోశారు. పక్క ఊరి సంతకి వెళ్లాలన్నా అతను తల్లిని వెంట తీసుకెళ్తాడు, ఒంటరిగా సంచి పట్టుకుని రోడ్డు మీద నడవడానికి టెన్షన్ అంటాడు.

ఆ ఇంజినీరింగ్ అబ్బాయి మందులు వాడుతూ ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పటికీ మూడు నెలలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు.

హైకోర్టులో మా అప్పీలు ఇంకా విచారణకి రాలేదు. ఏ-1 మీద 2022లో ఇచ్చిన నాన్ బెయిలబుల్ వారెంట్ అలాగే పెండింగ్‌లో ఉంది. అతని కేసు ఫైలు ప్రతి రెండు నెలలకోసారి కోర్టు బెంచీ మీదకి వస్తుంది, ‘నిందితుడు హాజరు కాలేదు’ అని రాసి వాయిదా వేస్తారు.